ఎస్ప్రెస్సో మెషీన్‌ను పైథాన్‌తో నడపడం: వేడి కోడ్‌కు, పంపు చేతికి

మీరు అడిగినవి మూడు విషయాలు. మహబూబ్‌నగర్‌లో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు, మీ దగ్గర మామూలు స్విచ్ ఉన్న సింగిల్ బాయిలర్ ఎస్ప్రెస్సో మెషీన్ ఉంది, వైఫై ఉన్నది ఇంకొకటి కొనాలనే ఆలోచన కూడా ఉంది. ఉదయం ఆరింటికి లేచేసరికి కప్పులో కాఫీ దిగి ఉండేలా పైథాన్‌లో ప్రోగ్రాం రాయవచ్చా అన్నది మొదటి ప్రశ్న. మధ్యలో కరెంటు పోయి వస్తే ఏమవుతుందన్నది రెండోది. బోరు నీళ్లు పోయవచ్చా అన్నది మూడోది. నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్లకూ డ్రయ్యర్లకూ కంట్రోల్ ప్యానళ్లు కట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను, ఇంట్లో కాఫీ మెషీన్‌ను కూడా అదే పద్ధతిలో నడుపుతున్నాను కాబట్టి, ఈ మూడింటికీ ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

ముందుగా సూటిగా చెప్పవలసింది చెప్తాను. మెషీన్‌ను సమయానికి వేడి చేయడం, అది నిజంగా వేడెక్కిందో లేదో కనిపెట్టడం, ఎవరూ వాడకపోతే ఆపివేయడం, ఇవన్నీ పైథాన్ కోడ్ మనిషికన్నా బాగా చేస్తుంది. కాఫీ దింపే పని మాత్రం, అంటే పంపును ఆన్ చేసే పని మాత్రం, మీ దగ్గర ఉన్న రకం మెషీన్‌లో కోడ్‌కు అప్పగించవద్దు. గింజలు మరపట్టడం నుంచి పిప్పిని బయటికి నెట్టడం దాకా తానే చేసుకునే పూర్తి ఆటోమేటిక్ మెషీన్ అయితే ఆ మాట వేరు.

దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి రుచికి సంబంధించినది: ఆరింటికి కాఫీ దిగాలంటే రాత్రే పొడి మరపట్టి పోర్టాఫిల్టర్‌లో, అంటే పిడి ఉన్న పొడి గిన్నెలో, నింపి పెట్టాలి, ఎస్ప్రెస్సోకు పట్టే సన్నని పొడి తెల్లవారేసరికి వాసన కోల్పోతుంది, అదీగాక వేడెక్కుతున్న గ్రూప్ హెడ్‌కు, అంటే వేడినీరు దిగే లోహపు తలకు, బిగించి ఉంచితే ఇంకా పాడవుతుంది. రెండోది భద్రతకు సంబంధించినది: ఎస్ప్రెస్సో అంటే సుమారు 93 డిగ్రీల నీటిని 9 బార్ ఒత్తిడితో పొడిలోంచి నెట్టడం. పోర్టాఫిల్టర్ సగమే తిరిగి ఉంటే ఆ నీరు పక్కలకు చిమ్ముతుంది, ట్యాంకులో నీళ్లు లేకపోతే వైబ్రేషన్ పంపు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. ఇళ్లలో వాడే మెషీన్లలో ఎక్కువగా కనిపించే 48 వాట్ల ఉల్కా కంపెనీ పంపులకు 2 నిమిషాలు నడిస్తే 1 నిమిషం విరామం ఇవ్వాలనే పరిమితి ఉంటుంది, ఒక నెట్‌వర్క్ సందేశం పోయి ఆఫ్ కమాండ్ అందకపోతే పంపు ఆ పరిమితి దాటి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. హాల్లో లైటు ఆగకపోవడం వేరు, ఇది వేరు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదని మీకు నమ్మకం కలగడానికి, తయారీదారులు ఏం చేస్తున్నారో చూడండి. డీసెంట్ ఎస్ప్రెస్సో వాళ్ల డీఈ1 మెషీన్ దాదాపు పూర్తిగా సాఫ్ట్‌వేర్ మీద నడిచేదే, దానికి బ్లూటూత్ మీద మాట్లాడే పైథాన్ లైబ్రరీ కూడా ఉంది. అయినా గ్రూప్ హెడ్ మీద టచ్ కంట్రోలర్ ఉన్న మోడళ్లలో కాఫీ మొదలుపెట్టాలంటే మెషీన్‌నే తాకాలి, టాబ్లెట్ నుంచి మొదలుకాదు, భద్రతా సర్టిఫికేషన్ కోసం అలా పెట్టారు. ఫ్లోరెన్స్ నగరానికి చెందిన లా మార్జోక్కో కంపెనీ లీనియా మినీ, లీనియా మైక్రా వంటి ఇంటి మెషీన్లను యాప్‌తో కలిపింది. ఇంటి పరికరాలను ఒకచోట నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2024 ఫిబ్రవరి విడుదల నుంచి దాన్ని కలుపుకునే ఇంటిగ్రేషన్ ఉంది, దాని అడుగున పనిచేసేది పైలామార్జోక్కో అనే పైథాన్ లైబ్రరీ. దానితో మెషీన్ ఆన్, ఆఫ్ చేయవచ్చు, కాఫీ బాయిలర్ ఉష్ణోగ్రత మార్చవచ్చు, స్టీమ్ బాయిలర్‌ను ఆపవచ్చు, ట్యాంకు ఖాళీ అయిందా అని అడగవచ్చు, కానీ కాఫీ దింపే పాడిల్‌ను, అంటే చేతిపిడిని, మనిషి తిప్పవలసిందే.

కొత్తది కొనాలనుకుంటున్నారు కాబట్టి బయటి కోడ్‌కు మెషీన్లు ఇచ్చే ఇటువంటి దారుల గురించి ఇంకొంచెం చెప్తాను. నా దృష్టిలో అన్నిటికన్నా పద్ధతిగా ఉన్నది బాష్, సీమెన్స్ మెషీన్లకు ఉన్న హోమ్ కనెక్ట్ ఏపీఐ, అంటే బయటి ప్రోగ్రాం మెషీన్‌తో మాట్లాడే దారి. అది కంపెనీయే బహిరంగంగా ఇచ్చినది, డాక్యుమెంట్లు ఉన్నాయి, మెషీన్ కొనకముందే కోడ్ రాసి చూసుకోవడానికి సిమ్యులేటర్ కూడా ఉంది. ఇవి పూర్తి ఆటోమేటిక్ మెషీన్లు కాబట్టి ఎస్ప్రెస్సో ప్రోగ్రాంను దూరం నుంచి మొదలుపెట్టవచ్చు, ఎంత నీరు, కాఫీ ఎంత చిక్కగా ఉండాలి అని చెప్పవచ్చు. అయితే ఇక్కడ కూడా రిమోట్ స్టార్ట్‌కు అనుమతి ఉందా అనే ఒక స్టేటస్ ఉంటుంది, ఆ అనుమతిని మెషీన్ దగ్గరే ఇవ్వాలి; అది లేకుండా కమాండ్ పంపితే మెషీన్ ఒప్పుకోదు. గింజలు అయిపోయాయి, ట్యాంకు ఖాళీ, కింది ట్రే నిండింది అనే ఈవెంట్లు మెషీనే పంపుతుంది, కప్పు పెట్టారో లేదో మాత్రం దానికి తెలియదు. రాత్రే కప్పు పెట్టుకుని పడుకునే అలవాటు మీకుంటే మీరు కోరిన ఉదయం కాఫీ ఈ దారిలో వస్తుంది.

ఈ ఏపీఐతో కొత్తవాళ్లు పడే ఇబ్బంది ఒకటుంది. ఒక్కో అకౌంట్‌కు రోజుకు 1000 రిక్వెస్టులే అనుమతిస్తుంది. మెషీన్ సిద్ధమైందా అని నిమిషానికి ఒకసారి అడిగే లూప్ రాస్తే రోజుకు 1440 రిక్వెస్టులవుతాయి, అర్ధరాత్రి మొదలైన లెక్క సాయంత్రం 4:40కి అయిపోతుంది, ఆ తర్వాత ప్రతి అభ్యర్థనకూ 429, అంటే హద్దు దాటారు, అనే జవాబే వస్తుంది. ఉదయం బాగానే పనిచేసిన ప్రోగ్రాం సాయంత్రం చుట్టాలొచ్చినప్పుడే మొరాయిస్తోందని చెప్పేవాళ్ల కోడ్ తెరిచి చూస్తే ఇదే కనిపిస్తుంది. అడుగుతూ కూర్చోవడం మానేసి, ఈవెంట్ స్ట్రీమ్‌ను ఒకసారి తెరిచి పెట్టి వచ్చే సందేశాలను వినేలా ఎసింకియో అనే పైథాన్ మాడ్యూల్‌తో రాయండి. కనెక్షన్ తెగితే వెంటనే కాకుండా మొదట 5 సెకన్లు, తర్వాత 10, తర్వాత 20, ఇలా ఆగి ఆగి మళ్లీ కలవాలి, లేకపోతే ఇంట్లో నెట్ సరిగా లేని రోజున ఆ వెయ్యి ఊరికే కరిగిపోతాయి.

మూడో రకం మెషీన్లు మార్కెట్లో ఎక్కువగా ఉంటాయి: యాప్ ఉంటుంది, ఏపీఐ ఉండదు. యాప్ పంపే ప్యాకెట్లను పట్టుకుని అదే కమాండ్‌ను పైథాన్‌తో పంపవచ్చా అని చాలామంది అడుగుతారు. చేయవచ్చు, కొందరు చేశారు కూడా, కానీ అది అద్దె ఇంట్లో గోడ కొట్టి అలమరా కట్టుకోవడంతో సమానం. మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, మారిన రోజున మొత్తం పోతుంది. పైలామార్జోక్కో వంటి ఎంతోమంది వాడే లైబ్రరీకే 2025లో కంపెనీ క్లౌడ్, గేట్‌వే మారినప్పుడు పెద్ద ఎత్తున తిరగరాయవలసి వచ్చింది. మీరొక్కరే రాసుకున్న కోడ్‌కైతే ఆ పని చేసేవాళ్లు మీరు తప్ప ఎవరూ ఉండరు. కాబట్టి కొనేముందు ఆ మెషీన్‌కు బహిరంగ ఏపీఐ గానీ, ఇంట్లోనే పనిచేసే బ్లూటూత్ కంట్రోల్ గానీ ఉందో లేదో చూడండి. లేదంటే వైఫై లేని మంచి మెషీన్ కొనడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మామూలు స్విచ్ ఉన్న మెషీన్‌ను మనం కావలసినట్టు మలచుకోవచ్చు.

ఇక మీ దగ్గరున్న మెషీన్ సంగతికి వద్దాం, అసలు పని ఇక్కడే ఉంది. దానికి టక్‌మని పడి అలాగే నిలిచే స్విచ్ ఉందని రాశారు. అది మంచిది. అటువంటి మెషీన్‌ను స్విచ్ ఆన్‌లోనే ఉంచి, వెనక స్మార్ట్ ప్లగ్ పెట్టి, కరెంటు ఇస్తే చాలు వేడెక్కుతుంది. నొక్కి వదిలే ఎలక్ట్రానిక్ బటన్ ఉన్నవి కరెంటు రాగానే స్టాండ్‌బైలో కూర్చుంటాయి, వాటికి ప్లగ్ పనికిరాదు. యూరప్‌లో 2013లో చేసిన నిబంధన వల్ల 2015 నుంచి అక్కడి కాఫీ మెషీన్లలో తమంతట తామే ఆగిపోయే ఏర్పాటు వచ్చింది, ఆ మోడళ్లే మన దగ్గరికీ వస్తే కొన్ని నిమిషాలకే ఆగిపోతుంటాయి. మీది అలా ఆగుతుందో లేదో ఒక పూట ఆన్ చేసి ఉంచి చూసుకోండి.

ప్లగ్ 16 ఆంపియర్లదే తీసుకోండి. 1350 వాట్ల మెషీన్ 230 ఓల్టుల దగ్గర సుమారు 5.9 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 6 ఆంపియర్ల ప్లగ్ సరిపోతుందని షాపువాళ్లు అంటారు, లెక్కకు సరిపోతుంది కూడా. కానీ అరగంట సేపు అంచు మీద నడిచే ప్లగ్‌లో కరెంటును కలిపి తెంచే రిలే కాంటాక్టులు వేడెక్కి అతుక్కుపోతాయి, అతుక్కున్న రిలేకు ఆఫ్ కమాండ్ ఎన్నిసార్లు పంపినా ఫలితం ఉండదు. గీజర్‌కు వాడే సాకెట్ నుంచే లైను తీసుకోండి. నీళ్లు, వేడి, లోహం మూడూ ఒకచోట ఉన్న పరికరం కాబట్టి ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైనును తెంచే స్విచ్, ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. పాలమూరు ఎండలకు ఎర్త్ గుంత ఏప్రిల్‌కే ఎండిపోతుంది, అందులో నీళ్లు పోయించి మీటరుతో చూపించుకోవడం కోడ్‌కన్నా ముందు చేయవలసిన పని.

వాట్లు చూపించే ప్లగ్ అయితే దానితోనే సగం తెలివి వస్తుంది, మెషీన్ లోపల సెన్సర్ పెట్టనవసరం లేదు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ 1300 వాట్ల దరిదాపుల్లో చూపిస్తుంది. థర్మోస్టాట్ మొదటిసారి కట్ అయి హీటరును ఆపగానే అది దాదాపు సున్నాకు పడిపోతుంది, ఆ తర్వాత మధ్యమధ్యలో కొన్ని సెకన్లు పెరిగి తగ్గుతుంటుంది. ప్రతి 10 సెకన్లకు వచ్చే ఈ రీడింగును చూస్తూ, 1000 పైనుంచి 20 లోపుకు పడిన మొదటి క్షణాన్ని కోడ్ గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు బాయిలర్ మాత్రమే వేడెక్కినట్టు, మెషీన్ సిద్ధమైనట్టు కాదు. గ్రూప్ హెడ్, పోర్టాఫిల్టర్ అనే బరువైన ఇత్తడి ముక్కలు ఇంకా వేడెక్కలేదు. అక్కడి నుంచి 15 నుంచి 20 నిమిషాలు ఆగి ఫోన్‌కు కబురు పంపాలి. 1961లో ఫేమా తెచ్చిన ఈ61 రకం గ్రూప్ ఉన్న పెద్ద మెషీన్లకైతే ఇంకా ఎక్కువ సేపు కావాలి. పొద్దున నిద్రమొహంతో అరగంట ఎదురుచూడనవసరం లేకుండా చేయడమే ఈ మొత్తం ఏర్పాటులో మీకు దక్కే నిజమైన లాభం. మీరు లేచి పొడి మరపట్టి పాడిల్ తిప్పడానికి పట్టేది రెండు నిమిషాలే.

అదే రీడింగు ప్రమాదాన్ని కూడా చెప్తుంది. మామూలుగా కొద్ది నిమిషాల్లో తెగవలసిన హీటరు 10 నిమిషాలైనా ఆగకుండా 1000 వాట్ల పైనే లాగుతుంటే థర్మోస్టాట్ అతుక్కుపోయినట్టో, బాయిలర్‌లో నీళ్లు నిలవడం లేదన్నట్టో అనుమానించి వెంటనే ఆపాలి, మనిషి వచ్చి చూసేదాకా మళ్లీ ఆన్ చేయనివ్వకూడదు. ఆన్ కమాండ్ పంపిన 30 సెకన్ల తర్వాత కూడా సున్నానే చూపిస్తే మెషీన్ స్విచ్ ఎవరో ఆఫ్ చేశారన్నమాట, లేదా లైనులో కరెంటు లేదన్నమాట.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మన ఇళ్లలో రూటరు, కోడ్‌ను నడిపే రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు వంటివి ఇన్వర్టర్ లైను మీద ఉంటాయి. కాఫీ మెషీన్‌ను ఆ లైనుకు కలపలేం, ఎందుకంటే ఇళ్లలో సాధారణంగా ఉండే 800, 900 వీఏ ఇన్వర్టర్ 1300 వాట్ల హీటరు తగలగానే ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది. దీనివల్ల ఒక విచిత్రమైన పరిస్థితి వస్తుంది: కరెంటు పోయినప్పుడు కోడ్ మేలుకునే ఉంటుంది, మెషీన్ మాత్రం చచ్చి ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణ కోడ్‌లు చాలావరకు ఈ స్థితిని ఊహించి రాసినవి కావు. అవి ఆన్ అని పంపిన వెంటనే మెషీన్ ఆన్ అయిందని రాసుకుంటాయి. మీ కోడ్‌లో కమాండ్ పంపడం వేరు, ఆ పని జరిగిందని తెలుసుకోవడం వేరు అయి ఉండాలి.

అందుకోసం ఐదు స్థితులు పెట్టుకుని ఒక స్థితి నుంచి ఇంకోదానికి ఎప్పుడు మారాలో చెప్పే చిన్న స్టేట్ మెషీన్ రాయండి: ఆగి ఉంది, అడిగాం, వేడెక్కుతోంది, సిద్ధం, లోపం. పైథాన్‌లో ఇది ఒక ఈనమ్, ఒక డిక్షనరీ, ఒక లూప్, అంతకుమించి అక్కరలేదు. ప్రతి స్థితికీ కాలపరిమితి ఉండాలి, ప్రతి ఆదేశానికీ గడువు ఉండాలి. ఆరింటికి వేడి చేయమన్న ఆదేశానికి ఆరున్నర దాకానే విలువ. కరెంటు 5:50కి పోయి 9:15కి వస్తే ఆ ఆదేశం అప్పటికే చెల్లిపోయి ఉండాలి, మీరు ఊరికి బయలుదేరాక వంటింట్లో మెషీన్ ఒంటరిగా వేడెక్కకూడదు.

దీన్ని చెడగొట్టేవి మూడున్నాయి, మూడూ కరెంటు తిరిగి వచ్చిన క్షణంలోనే పనిచేస్తాయి. మొదటిది ప్లగ్ సెట్టింగు: చాలా ప్లగ్‌లు కరెంటు రాగానే పోయేముందు ఉన్న స్థితికి వెళ్తాయి. దాన్ని ఎప్పుడూ ఆఫ్ అని మార్చాలి, టాస్మోటా అనే ఫర్మ్‌వేర్ ఉన్నవాటిలో పవర్‌ఆన్‌స్టేట్ అనే కమాండ్‌కు 0 ఇస్తే చాలు. రెండోది ఎంక్యూటీటీలో, అంటే కోడ్, ప్లగ్ సందేశాలు మార్చుకునే పద్ధతిలో, ఉన్న రిటెయిన్ అనే జెండా. ఆన్ అనే కమాండ్‌ను ఆ జెండాతో పంపితే మధ్యలో సందేశాలు అందించే బ్రోకర్ ప్రోగ్రాం దాన్ని దాచిపెట్టుకుంటుంది, ప్లగ్ తిరిగి కలిసిన ప్రతిసారీ అదే పాత ఆన్‌ను మళ్లీ అందిస్తుంది. మనుషులెవరూ నొక్కకుండా రాత్రి రెండింటికి మెషీన్ ఆన్ అయిందని భయపడేవాళ్ల ఇళ్లలో దెయ్యం సాధారణంగా ఇదే. స్థితిని తెలిపే సందేశాలకు రిటెయిన్ ఉండవచ్చు, ఆదేశాలకు ఉండకూడదు.

మూడోది గడియారం. రాస్ప్‌బెరీ పై 4, జీరో 2 వంటి మోడళ్లలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి రాస్ప్‌బెరీ పై ఆగిపోయి, తిరిగి లేచినప్పుడు ఇంకా నెట్ రాకపోతే, అది ఆగిన సమయం నుంచే లెక్క కొనసాగిస్తుంది. బయట తొమ్మిదైనా దాని లెక్కలో ఆరే కావచ్చు. సమయం నెట్‌తో సరిచూసుకున్నదాకా షెడ్యూలు మొదలుకాకుండా అడ్డుపెట్టండి. వ్యవధులు కొలిచేచోట, అంటే 15 నిమిషాలు గడిచాయా అనే చోట, గోడగడియారం సమయం వాడకుండా టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్ గడియారం వాడండి, అది వెనక్కీ ముందుకూ దూకదు. కోడ్‌ను ఎక్కడో క్లౌడ్ సర్వర్‌లో నడిపేటట్లయితే జోన్‌ఇన్ఫోతో ఆసియా కోల్‌కతా అని స్పష్టంగా రాయండి, లేకపోతే ఆరింటికి అనుకున్నది మనకు పదకొండున్నరకు వస్తుంది.

వీటన్నిటికీ అడుగున, పైథాన్‌కు సంబంధం లేని చివరి తాళం ఒకటి ఉండాలి. కోడ్ కుప్పకూలినా, రాస్ప్‌బెరీ పై కాలిపోయినా, రూటరు ఆగినా మెషీన్ ఆగాలి. టాస్మోటాలో పల్స్‌టైమ్‌కు 2800 ఇస్తే ఆన్ అయిన 2700 సెకన్లకు, అంటే 45 నిమిషాలకు, ప్లగ్ తనంతట తానే ఆఫ్ అవుతుంది. ఆ కమాండ్‌లో పెద్ద అంకెల నుంచి 100 తీసివేసి సెకన్లుగా చదువుకోవాలి. ఇతర ప్లగ్‌లలో ఆటో ఆఫ్, కౌంట్‌డౌన్ పేర్లతో ఇదే ఉంటుంది. ఇంకా ఎక్కువ సేపు కావలసినప్పుడు కోడ్ మళ్లీ ఆన్ పంపి గడువు పొడిగించుకోవాలి. మిల్లుల్లో బాయిలర్ ప్యానల్ కట్టేటప్పుడు కూడా పీఎల్‌సీని, అంటే ప్యానల్‌లోని కంట్రోలర్ కంప్యూటరును, నమ్మి వదిలేయం, దాని అనుమతి లేకుండానే బర్నర్‌ను తెంచే స్విచ్ ఒకటి విడిగా పెడతాం.

కొంతకాలం ఇలా వాడాక ప్లగ్‌తో తృప్తి చాలదు, ఉష్ణోగ్రతను కూడా చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. ద్విలోహపు థర్మోస్టాట్ చాలా వెడల్పుగా ఊగుతుంది కాబట్టి ఒక కప్పు పుల్లగా, ఇంకో కప్పు చేదుగా రావడం సహజం. దాని స్థానంలో వేడిని కొలిచే థర్మోకపుల్, కదిలే కాంటాక్టులు లేని సాలిడ్ స్టేట్ రిలే పెట్టి పీఐడీ, అంటే వేడి తేడాను బట్టి హీటరు శాతాన్ని సరిచేసే లెక్క, నడపడం పైథాన్‌తో సాధ్యమే. సింపుల్ పీఐడీ అనే లైబ్రరీ చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 100 అర్ధ తరంగాలుంటాయి, సున్నా దగ్గర మారే రిలేతో ఒక సెకను వ్యవధి తీసుకుంటే పీఐడీ ఇచ్చే శాతం ఎంతో అన్ని అర్ధ తరంగాల కరెంటు హీటరుకు వెళ్తుంది. బాయిలర్ నెమ్మదైన వస్తువు, సెకనుకు ఒక నిర్ణయం దానికి సరిపోతుంది, లైనక్స్ మీద నడిచే పైథాన్ అంత మాత్రం సమయపాలన చేయగలదు. పంపు ఒత్తిడిని తరంగం మధ్యలో కోసి నియంత్రించడం మాత్రం మిల్లీసెకన్ల పని, దాన్ని మైక్రోకంట్రోలర్‌కే వదిలేయాలి. గాజియా క్లాసిక్ కోసం వచ్చిన గాజియునో అనే ప్రాజెక్టు ఆ పని మైక్రోకంట్రోలర్‌తోనే చేస్తుంది.

ఈ దశలో సెన్సర్ చెప్పే అబద్ధాలను పట్టుకోవడమే అసలు ప్రోగ్రామింగ్. డీఎస్18బీ20 సెన్సర్ కరెంటు వచ్చిన వెంటనే, ఇంకా కొలవకముందే, 85 డిగ్రీలని చెప్తుంది, బాయిలర్ మంచులా ఉన్నా సరే. పైగా 125 డిగ్రీలు దాటితే దానికి చేతకాదు, ఆవిరి కోసం వేడి చేసే బాయిలర్ అంతకుమించి పోతుంది. కే రకం థర్మోకపుల్‌కు మ్యాక్స్31855 చిప్ వాడితే తీగ తెగినప్పుడు లోపం అని విడిగా చెప్తుంది. ఆ లోపాన్ని పట్టించుకోకుండా సున్నా డిగ్రీలుగా చదివిన కోడ్ హీటరును నూరు శాతం మీద పెట్టి వదిలేస్తుంది. తప్పు రీడింగు వస్తే హీటరు ఆఫ్, ఇందులో రెండో ఆలోచన లేదు. లైబ్రరీకి అవుట్‌పుట్ పరిమితులు 0, 100 అని ఇవ్వడం మరచిపోవద్దు, అవి లేకపోతే చల్లని బాయిలర్ వేడెక్కే ఆ కొన్ని నిమిషాల్లో ఇంటెగ్రల్, అంటే పీఐడీలో పాత తేడాలను కూడబెట్టే భాగం, పేరుకుపోయి ఉష్ణోగ్రత లక్ష్యాన్ని దాటి చాలా పైకి పోతుంది.

సాలిడ్ స్టేట్ రిలే పాడైనప్పుడు ఎక్కువగా తెరుచుకోదు, మూసుకునే పోతుంది, అంటే హీటరు ఆగదు. అందుకే మెషీన్‌లో కంపెనీ పెట్టిన థర్మల్ ఫ్యూజును ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు. మెషీన్ విప్పి 230 ఓల్టుల తీగలు మార్చడం అలవాటు లేకపోతే, ఆ ఒక్క పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

సెన్సర్‌ను మరిగే నీళ్లలో పెట్టి సరిచూసుకునేటప్పుడు అది 100 చూపించలేదని కంగారుపడనవసరం లేదు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీరు 98 డిగ్రీలు దాటీ దాటకముందే మరుగుతుంది. కోడ్‌లో 100కు సరిదిద్దితే ప్రతి కాఫీలోనూ ఒకటిన్నర డిగ్రీ తేడా ఉండిపోతుంది. లో ఓల్టేజీ కూడా లెక్కలోకి వస్తుంది: 230కి బదులు 190 ఓల్టులే ఉంటే హీటరు శక్తి ఓల్టేజీ వర్గానికి తగ్గట్టు పడి 68 శాతమే మిగులుతుంది, 1300 వాట్ల హీటరు 890 వాట్ల లోపే ఇస్తుంది. వేసవిలో వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతోందంటే పీఐడీ విలువలు మార్చేముందు ఓల్టేజీ చూడండి. నేను పైన చెప్పిన 1000 వాట్ల హద్దు కూడా అటువంటి రోజున పనిచేయదు కాబట్టి, దాన్ని స్థిరమైన అంకెగా కాకుండా ప్లగ్ చూపించే ఓల్టేజీని బట్టి లెక్కగట్టేలా రాసుకోవడం మంచిది.

ఇక నీళ్లు. బోరు నీళ్లు పోయవద్దు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ బోర్లలో కాఠిన్యం ఎక్కువ, కెటిల్ అడుగున పేరుకునే తెల్లని పెంకే బాయిలర్ గోడలకు, హీటరుకు, సన్నని రంధ్రాలకు పడుతుంది. సెన్సర్‌కూ నీటికీ మధ్య పెంకు చేరితే మీరు రాసిన పీఐడీ నీటి వేడిని కాక పెంకు వేడిని నియంత్రిస్తూ ఉంటుంది. ఫ్లోరైడ్ సంగతి మా జిల్లావాళ్లకు కొత్తగా చెప్పనవసరం లేదు, మరిగిస్తే అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో చిక్కబడుతుంది. అలాగని పూర్తిగా ఆర్‌వో నీళ్లే పోయడం కూడా జవాబు కాదు. మీరు కొనబోయేది స్టీమ్‌కు వేరే బాయిలర్ ఉన్న మెషీన్ అయితే, అందులో నీటి మట్టాన్ని చాలావరకు ఒక లోహపు కడ్డీతో, నీటిలోంచి కరెంటు పారుతుందా లేదా అని చూసి తెలుసుకుంటారు. లవణాలు బొత్తిగా లేని నీటిలో ఆ కరెంటు పారదు, బాయిలర్ నిండినా మెషీన్‌కు నిండినట్టు తెలియక పంపు నడుస్తూనే ఉంటుంది. దీన్ని కోడ్ తప్పని భ్రమపడి లాగ్‌లు వెతికేవాళ్లున్నారు.

స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ చెప్పే టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) హద్దులు లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాములు. మిషన్ భగీరథ నీళ్లు మీ వీధికి సరిగ్గా వస్తుంటే, వాటిని ఆర్‌వో నీళ్లతో కలిపి ఆ హద్దుల్లోకి తెచ్చుకోవడం తేలిక. ఇంకా శుభ్రమైన దారి కావాలంటే డిస్టిల్డ్ నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాముల పొటాషియం బైకార్బొనేట్ కలిపితే పెంకు కట్టదు, కడ్డీకి కరెంటూ పారుతుంది. టీడీఎస్ పెన్ను మాత్రమే నమ్మవద్దు, అది మొత్తం లవణాలను చెప్తుంది గానీ వాటిలో కాల్షియం ఎంతో చెప్పదు. అక్వేరియం షాపుల్లో దొరికే చుక్కల హార్డ్‌నెస్ కిట్ దానికి కావాలి. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే లీటర్లు కూడుకుంటూ పోయే నాలుగు లైన్ల కోడ్ ఉంచుకోండి, డీస్కేలింగ్ ఎప్పుడన్నది మాన్యువల్‌లో నీటి కాఠిన్యాన్ని బట్టి ఇచ్చిన పట్టికతో పోల్చి అదే గుర్తుచేస్తుంది. మీ మెషీన్ మోడల్, ప్లగ్ రకం, భగీరథ నీటి హార్డ్‌నెస్ అంకె తెలిపితే హద్దులు ఎంత పెట్టుకోవాలో కచ్చితంగా చెప్పగలను.